ఆకాశంలో కసువు ఊడ్చేదెవరు?

మంచి పనిమీద బయలుదేరేటప్పుడు ఏదైనా ఎదురొస్తే వెనక్కి వచ్చి, రెండు నిమిషాలు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి మళ్లీ గడప దాటడం మన ఇళ్లలో పెద్దలు నేర్పిన అలవాటు. రాకెట్లకు కూడా ఇలా ఆగి బయలుదేరే అలవాటు ఒకటుందంటే నమ్ముతారా? 2023 జూలై 14న చంద్రయాన్-3 ను మోసుకుని శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్, ముందు అనుకున్న సమయానికంటే నాలుగు సెకన్లు ఆలస్యంగా లేచింది. అదే నెల 30న సింగపూర్ ఉపగ్రహాలతో వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సి56 అయితే ఒక నిమిషం పాటు ఆగింది. ఎదురొచ్చింది పిల్లి కాదు. భూమి చుట్టూ దిక్కూమొక్కూ లేకుండా తిరుగుతున్న చెత్త. అది దగ్గరగా వచ్చే అవకాశం ఉందని శాస్త్రవేత్తలు లెక్కగట్టి, దాన్ని పోనిచ్చి, ఆ తర్వాత రాకెట్‌ను వదిలారు. మనది నమ్మకం, వాళ్లది లెక్క. అంతే తేడా!

శ్రీహరికోట మాకు తూర్పున కూతవేటు దూరం లాంటిదే. నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట వెళితే చాలు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక అది మా జిల్లాలోదే అయింది కూడా. రాకెట్ వెళ్లే రోజున శ్రీకాళహస్తిలో పొయ్యిమీద పాలున్నా సరే, గ్యాస్ తగ్గించి మిద్దెక్కేస్తాం. నిప్పుల తోకతో అది పైకి పోతుంటే చప్పట్లు కొడతాం. అది కనుమరుగవగానే కిందికి దిగి మన పనుల్లో మనం పడిపోతాం. పైకి పోయినదాంట్లో పనికొచ్చేదెంత, పనికిరానిదెంత, పనికిరానిది ఏమైపోతుంది అని మాత్రం ఎవరమూ అడగం. పెళ్లి భోజనాలు బాగున్నాయనే అందరూ అంటారు గానీ, ఎంగిలాకులు ఎవరు ఎత్తారని అడిగేవాళ్లుంటారా?

ఏమిటీ కసువు?

1957లో రష్యా స్పుత్నిక్‌ను పంపినప్పటి నుంచి మనిషి ఆకాశంలోకి ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాడు. పని అయిపోయిన ఉపగ్రహాలు, వాటిని మోసుకెళ్లి ఖాళీ అయిన రాకెట్ భాగాలు, ఊడిన బోల్టులు, రాలిన రంగు పెచ్చులు, పేలిపోయిన ట్యాంకుల ముక్కలు... ఇవన్నీ కలిపితే అంతరిక్ష చెత్త. అమెరికా 1958లో పంపిన వాన్‌గార్డ్-1 అనే బుల్లి ఉపగ్రహం ఎప్పుడో మూగబోయింది కానీ, ఇప్పటికీ పైన తిరుగుతూనే ఉంది.

యూరప్ అంతరిక్ష సంస్థ 2025లో ఇచ్చిన లెక్క ప్రకారం రాడార్లతో గుర్తించి, వెంట కనిపెట్టుకుని ఉన్న వస్తువులు సుమారు 40,000. అందులో పనిచేస్తున్న ఉపగ్రహాలు సుమారు 11,000. మిగిలినదంతా కసువే. ఒక సెంటీమీటరుకు మించిన ముక్కలు, అంటే శనగగింజంత నుంచి పైకి లెక్కేసుకుంటే, పన్నెండు లక్షలకు పైగా ఉంటాయని అంచనా.

శనగగింజంత ముక్క ఏం చేస్తుందిలే అనుకోకండి. దాని వేగం గంటకు సుమారు 28,000 కిలోమీటర్లు. మా ఊరి నుంచి హైదరాబాదుకు రాత్రంతా బస్సులో కూర్చుని వెళతామే, ఆ దూరాన్ని అది నిమిషం పది సెకన్లలో దాటేస్తుంది. 1983లో అమెరికా తొలి మహిళా వ్యోమగామి శాలీ రైడ్ ఎక్కిన ఛాలెంజర్ నౌక కిటికీ అద్దానికి ఒక గుంట పడింది. తగిలిందేమిటా అని చూస్తే రంగు పెచ్చు! ఆవగింజకంటే చిన్నది. నేలకు దిగాక ఆ అద్దాన్ని మార్చాల్సి వచ్చింది.

స్కైలాబ్ రోజులు

మన పల్లెలకు ఈ చెత్త సంగతి కొత్తేమీ కాదు. 1979లో అమెరికావారి స్కైలాబ్ కూలిపోతోందన్న వార్త తెలుగునాట రేపిన గగ్గోలు మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. 77 టన్నుల బరువున్న ఆ అంతరిక్ష కేంద్రం ఎక్కడ పడుతుందో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు లేరు. దాంతో యుగాంతమే వచ్చేసిందని కొందరు కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు. ఈ కథతోనే 2021లో ‘స్కైలాబ్’ అనే తెలుగు సినిమా కూడా వచ్చింది.

మా అవ్వ ఆ ముచ్చట చెప్పేటప్పుడు నవ్వేది. పెట్టెలో దాచిపెట్టిన పెళ్లి పట్టుచీర తీసి ఆ రోజు కట్టుకుందట. “ఎవురు చూడొచ్చినారమ్మే! అది నెత్తిన పడితే పెట్టెలో చీర పెట్టుకొని ఏం చేసుకుంటాం?” అనేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నవ్వు వెనక ఉన్న నిస్సహాయత అర్థమవుతుంది. ఎక్కడో ఉన్న దేశం, ఎవరో పంపిన సామాను, ఎక్కడో ఒక పల్లెలో ఇల్లాలు ఇదే చివరిరోజనుకుని పెట్టె తెరవడం! ఆమెను ఎవరైనా అడిగి పంపారా దాన్ని?

చివరికి ఆ జూలై 11న స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ ముక్కలుగా పడింది. అక్కడి ఎస్పెరాన్స్ అనే ఊరి స్థానిక సంస్థ ‘మా ఊళ్లో చెత్త వేశారు’ అంటూ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. సరదాకి రాసినా మాటలో న్యాయముంది కదా! ఆ డబ్బు నాసా కట్టలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2009లో, ఒక అమెరికా రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర వసూలు చేసి చెల్లించాడు.

మనది వాళ్ల గడపలో

స్కైలాబ్ కథలో తప్పు పరాయివాళ్లది కాబట్టి మనకు తీర్పు చెప్పడం తేలిక. ఇప్పుడు ఇంకో కథ వినండి. 2023 జూలైలో అదే పశ్చిమ ఆస్ట్రేలియాలో, గ్రీన్ హెడ్ అనే చోట సముద్రపు ఒడ్డుకు రాగిరంగు డ్రమ్ము లాంటిది కొట్టుకొచ్చింది. మనిషికంటే పెద్దది. ఏమిటో తెలియక జనాన్ని దగ్గరికి రానివ్వకుండా పోలీసులు కాపలా కాశారు. చివరకు అది మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మూడో దశ భాగమని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ తేల్చింది. అంటే మనం మిద్దెక్కి చప్పట్లు కొట్టి పంపిన రాకెట్లలో ఒకదానిదే!

నిజానికి ఈ భాగం భూమి చుట్టూ తిరిగే చెత్త కాదు. మధ్యదారిలో విడిపోయి సముద్రంలో పడేట్టు ముందే లెక్కవేసినదే. పడిన తర్వాత అలలమీద తేలుతూ ఎక్కడికి చేరుతుందనేదే లెక్కలో లేని సంగతి. ప్రహరీ అవతల పడేసిన కసువు గాలికి లేచి ఎదురింటి వాకిట్లోకి పోయినట్టు.

2022లో సరిగ్గా ఉగాది రోజు, ఏప్రిల్ 2 సాయంత్రం, మన ఆదిలాబాద్ వైపు సరిహద్దునున్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఆకాశంలో మంటల చారలు కనిపించాయి. లాడ్‌బోరి అనే పల్లెలో మూడు మీటర్ల అడ్డకొలత గల లోహపు చక్రం పడింది. అది చైనా రాకెట్ తాలూకుదని నిపుణుల అంచనా. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. 2024 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఇంటి పైకప్పును చీల్చుకుని ముప్పావు కిలో లోపు లోహపు ముక్క లోపల పడింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 2021లో వదిలేసిన పాత బ్యాటరీల సామానులోదది. ఆ ఇంటివాళ్లు నష్టపరిహారం అడిగారు.

అలాగని ఆకాశం వంక చూస్తూ భయపడనక్కర్లేదు. అంతరిక్ష చెత్త తగిలినట్టు నమోదైన మొదటి మనిషి ఒక మహిళే. 1997లో అమెరికాలోని టల్సా నగరంలో లాటీ విలియమ్స్ అనే ఆవిడ తెల్లవారుజామున నడకకు వెళితే భుజానికి చిన్న ముక్క తగిలింది. దెబ్బేమీ తగల్లేదు. భూమిలో ఎక్కువ భాగం సముద్రమే కాబట్టి మన నెత్తిమీద పడే అవకాశం చాలా చాలా తక్కువ. అసలు ముప్పు కింద పడేదాంతో కాదు. పడకుండా పైనే ఉండిపోయేదాంతో.

వాయుదేవుడి పొరక

పైన ఉండిపోయేది ఎంతకాలం ఉంటుంది? దీనికి జవాబు మా ఊరి దేవుడి దగ్గరుంది. శ్రీకాళహస్తీశ్వరుడిది వాయులింగం. గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని, అది వాయువు ఉనికికి గుర్తని పెద్దలు చెబుతారు. ఆకాశంలో కసువు ఊడ్చే పొరక కూడా ఈ వాయువే!

భూమి నుంచి పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కానీ, ఒక్కసారిగా మాయం కాదు. మూడు, నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో కూడా లేశమాత్రం ఉంటుంది. ఆ పలచటి గాలే చెత్తముక్కకు అడ్డంపడి, కొంచెం కొంచెంగా దాని వేగం తగ్గించి, కిందికి లాగుతుంది. దట్టమైన గాలిలోకి వచ్చేసరికి రాపిడికి మండి చాలావరకు బూడిదైపోతుంది. 600 కిలోమీటర్ల లోపు ఎత్తులో వదిలేసినది కొన్నేళ్లలో దిగివస్తుంది. 800 కిలోమీటర్ల దగ్గరైతే శతాబ్దాలు పడుతుంది. 1000 కిలోమీటర్లు దాటితే వెయ్యేళ్లు, ఆపైన. అక్కడికి వాయుదేవుడి పొరక అందదు.

ఇక 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే టీవీ, వాతావరణ ఉపగ్రహాల సంగతి సరేసరి. అక్కడ ఊడ్చే గాలే లేదు. అందుకే వాటి పని అయిపోయాక, చివరి బొట్టు ఇంధనంతో ఇంకొక మూడు వందల కిలోమీటర్లు పైకి తోసి వదిలేస్తారు. దాన్ని ఉపగ్రహాల శ్మశానం అంటారు. అటకమీద పాత సామాను పెట్టేసినట్టే. కంటికి కనిపించదు కానీ, ఇంట్లోనే ఉంటుంది.

ఒకటి రెండై, రెండు వెయ్యై

నాసాలో పనిచేసిన డొనాల్డ్ కెస్లర్ అనే శాస్త్రవేత్త 1978లోనే ఒక హెచ్చరిక చేశారు. ఆకాశంలో వస్తువులు ఎక్కువైతే ఒకదానికొకటి ఢీకొంటాయి, ఆ ముక్కలు ఇంకొన్నింటిని ఢీకొంటాయి, చివరికి కొత్తగా పంపకపోయినా చెత్త దానంతటదే పెరుగుతుంది అని. 2009 ఫిబ్రవరి 10న ఆ మాట కళ్లకు కట్టింది. పనిచేస్తున్న ఇరిడియం అనే అమెరికా ఉపగ్రహాన్ని, ఎప్పుడో చచ్చిపోయిన రష్యా ఉపగ్రహం సుమారు 790 కిలోమీటర్ల ఎత్తున ఢీకొంది. రెండు వేలకు పైగా ముక్కలయ్యాయి.

అది ప్రమాదం. కావాలని చేసినవీ ఉన్నాయి. 2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహాన్ని తనే క్షిపణితో పేల్చి, మూడు వేలకు మించిన ముక్కలు చేసింది. 2019 మార్చి 27న ‘మిషన్ శక్తి’ పేరుతో మన దేశం కూడా ఒక ఉపగ్రహాన్ని కూల్చింది. దాన్ని రెండు నెలల ముందు శ్రీహరికోట నుంచే పంపారు. మనవాళ్లు జాగ్రత్తపడి సుమారు 280 కిలోమీటర్ల తక్కువ ఎత్తునే ఎంచుకున్నారు. ముక్కల్లో ఎక్కువ భాగం త్వరగానే రాలిపోయాయి. అయినా కొన్ని ఇంకా పైకి ఎగిరాయి, ఏడాదికి మించి తిరిగాయి. మన సత్తా చూసి గర్వపడ్డాం, గర్వపడాల్సిందే. దాంతోపాటు, పగిలిన గాజు ముక్కలు మళ్లీ ఏరలేమన్న సంగతీ గుర్తుపెట్టుకోవాలి.

సునీతా విలియమ్స్ అంతరిక్ష కేంద్రంలో చిక్కుకుపోయిన రోజుల్లో మన ఇళ్లలో ఎంతమంది ఆమెకోసం దండం పెట్టుకున్నారో! 2024 జూన్ 26న రష్యావారి పాత ఉపగ్రహం ఒకటి వందకు పైగా ముక్కలైంది. కేంద్రంలో ఉన్నవాళ్లంతా ఎవరి నౌకలోకి వాళ్లు పరుగున చేరి, సుమారు గంటసేపు తలదాచుకున్నారు. సునీత, ఆమె సహచరుడు విల్‌మోర్ తాము వచ్చిన నౌకలోనే కూర్చున్నారు. ఏ కారణంతో తిరిగి రాలేక ఆగిపోయారో, ఆ మరమ్మతు నౌకే ఆ గంట వాళ్లకు దిక్కయింది.

మన వంటింటికేం సంబంధం?

“ఇదంతా పెద్ద చదువులోళ్ల గోల. మనకెందుకే?” అంది మా అత్త, నేను ఇది రాసుకుంటుంటే. ఎందుకంటే, కార్తీకంలో వాయుగుండం పుడితే అది ఏ దిక్కుకు కదులుతోందో, నెల్లూరు దగ్గర తీరం దాటుతుందో, చెన్నై వైపు పోతుందో ముందుగా చెప్పేది ఉపగ్రహమే. స్వర్ణముఖి పొంగేలోపు బియ్యం బస్తా గట్టున పెట్టుకునే వ్యవధి మనకు దొరికేది ఆ కబురు వల్లనే. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ చేసేది ఇదే పని. 2025 జూలై 30న వెళ్లిన నైసార్ సుమారు 740 కిలోమీటర్ల ఎత్తు నుంచి వరదల్నీ, పొలాల్నీ, నేల కుంగడాన్నీ కనిపెడుతుంది. వాయుదేవుడి పొరక సరిగ్గా అందని ఎత్తది. అక్కడ చెత్త పెరిగితే మనకొచ్చే కబురు ఆగుతుంది. కబురు ఆగితే మొదట మునిగేది ఎవరి వంటిల్లో వేరే చెప్పాలా?

వండినవాళ్లే గిన్నెలు కడిగితే

మనదేశం ఈ పాఠం చేదుగానే నేర్చుకుంది. 2001 అక్టోబరు 22న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సి3 ఉపగ్రహాలను చక్కగా దించింది. కానీ ఖాళీ అయిన దాని నాలుగో దశ ఆ డిసెంబరులో పైననే పేలి, మూడు వందలకు పైగా ముక్కలైంది. ట్యాంకులో మిగిలిపోయిన ఇంధనమే సాధారణంగా ఇలాంటి పేలుళ్లకు మూలం. ఆ తర్వాతి పీఎస్‌ఎల్‌వీ నుంచి, పని పూర్తయ్యాక మిగిలిన ఇంధనాన్నీ, ఒత్తిడినీ బయటికి వదిలేసే ఏర్పాటు పెట్టారు. కుక్కర్ దించాక మూత తీసేముందు ఆవిరి వదిలేస్తాం చూడండి, అదే సూత్రం.

2011లో పంపిన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహం పని ముగిశాక, మిగిలిన ఇంధనంతోనే దాన్ని మెల్లమెల్లగా దించి, 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రం మీద మనుషుల్లేని చోట పడేట్టు చేశారు. అలా దించే ఆలోచనతో తయారుచేసినది కాదది. అయినా చేసి చూపించారు.

నాకు అన్నింటికంటే ముచ్చటేసింది అలసందల సంగతి. రాకెట్ నాలుగో దశను ఉత్త చెత్తగా వదిలేయకుండా, దానిమీదే కొన్నాళ్లు ప్రయోగాలు చేసే పద్ధతిని ఇస్రో మొదలుపెట్టింది. దానికి ‘పోయెమ్’ అని పేరు. 2024 డిసెంబరు 30న వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సి60 లో అలా మిగిలిన భాగంలో, చిన్న పెట్టెలో ఎనిమిది అలసంద గింజలు పెట్టారు. నాలుగు రోజుల్లో మొలకలొచ్చాయి, తర్వాత ఆకులూ వేశాయి! రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర చేసే మన చేతివాటం శ్రీహరికోటదాకా పోయినట్టుంది. పని అయ్యాక ఆ భాగాన్ని 350 కిలోమీటర్ల ఎత్తుకు దించారు. 2025 ఏప్రిల్ 4న అది హిందూ మహాసముద్రం మీద దిగి కాలిపోయింది. వాయుదేవుడికి అందేంత దూరంలో పెట్టారన్నమాట.

చెత్త కదలికలు కనిపెట్టడానికి శ్రీహరికోటలో ప్రత్యేకమైన రాడార్ ఉంది. ఒకేసారి పది వస్తువుల వెంట చూపు నిలపగలదు. బెంగుళూరులో 2022 జూలైలో దీనికోసమే ఒక కేంద్రం తెరిచారు. 2030 నాటికి మన దేశం నుంచి వెళ్లే ప్రతి ప్రయోగం, సర్కారుదైనా ప్రైవేటుదైనా, ఆకాశంలో చెత్త మిగల్చకూడదని ఇస్రో 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది.

మాట బాగుంది. నిలబెట్టుకోవాలి. ఎందుకంటే ఊడ్చే పని చాలా కష్టం, చాలా ఖర్చు. ఇప్పటిదాకా వలలు, చేతులు, పట్టుకారుల్లాంటివన్నీ పరీక్షల దశలోనే ఉన్నాయి. పైగా అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం ఎవరి చెత్త వాళ్ల సొత్తు. వాళ్ల అనుమతి లేనిదే ఇంకొకరు ముట్టుకోకూడదు. వేసేటప్పుడు అందరి వీధి, ఎత్తేటప్పుడు ఎవరిదో గొడవ! ఒప్పుకున్న మాట తప్పినందుకు తొలి జరిమానా పడింది 2023 అక్టోబరులోనే. పాత ఉపగ్రహాన్ని చెప్పినంత ఎత్తుకు తీసుకుపోలేదని డిష్ అనే అమెరికా సంస్థకు అక్కడి ప్రభుత్వ విభాగం 1,50,000 డాలర్లు వేసింది.

ఇంట్లో ఎవరు చిందరవందర చేసినా పొరక పట్టుకునేది ఒకరే అన్న ఏర్పాటులో మనం పుట్టి పెరిగాం. అందుకేనేమో, ఈ లెక్కలు చదువుతుంటే పరిచయమున్న కథలాగే అనిపించింది. పడేసేవాళ్లు ఒకరు, ఏరేవాళ్లు ఇంకొకరు. పైన ఏరాల్సింది ఇంకా పుట్టని మన మనవళ్లూ మనవరాళ్లూ. అలవాటు ఇంట్లోనే మారాలి. తిన్న పళ్లెం ఎవరిది వాళ్లే కడగాలని కొడుక్కీ కూతురికీ ఒకేలా నేర్పితే, రేపు వాళ్లలో ఎవరో రాకెట్టు చేసినా గిన్నెలు కడిగే ఖర్చు మొదట్లోనే లెక్కలో వేసుకుంటారు.

ఈసారి శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడు తప్పకుండా చూడండి, పిల్లలకు చూపించండి, చప్పట్లూ కొట్టండి. మర్నాడు పేపర్లో ‘ప్రయోగం జయప్రదం’ అన్న వార్త కింద ఇంకో రెండు ముక్కలు వెతకమని కూడా వాళ్లకు చెప్పండి: చివరి దశను ఏ ఎత్తున వదిలారు? అది ఎప్పుడు దిగివస్తుంది? ఆ రెండు ముక్కలు లేకపోతే సైన్సు అయ్యవార్లను అడగమనండి, పేపరుకు ఉత్తరం రాయమనండి. అడిగేవాళ్లుంటేనే చెప్పేవాళ్లుంటారు.